కడుపులోకి గొట్టం వెయ్యాలా, వద్దా?

"మెడలో బిళ్లలు కట్టి వచ్చిన మనిషికి నోట్లోంచి ఒక గొట్టం, కిందనుంచి ఇంకో గొట్టం ఎందుకు సార్? పెట్ స్కాన్ తీశాం. పొట్ట శుభ్రంగా ఉంది."

"శుభ్రంగా ఉందని స్కాన్ అంటోందమ్మా. పొట్ట అనలేదు కదా."

మొదటి మాట రక్తవ్యాధులు చూసే డాక్టరమ్మది. నలభై ఇంకా దాటలేదు, లెక్క చూపించనిదే ఏ మాటా ఒప్పుకోదు. రెండోది ఎండోస్కోపీ గదిలోనే తల నెరిసిన జీర్ణకోశ వైద్యుడిది. ఇద్దరూ కల్పిత పాత్రలే కానీ వాళ్ల తగువు కల్పన కాదు. లింఫోమా వచ్చిన రోగికి జీర్ణకోశాన్ని ఎంతవరకు వెతకాలన్న దాని మీద వైద్యులు దశాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. క్యాన్సర్ ఆస్పత్రుల్లో అన్ని విభాగాల వాళ్లూ కలిసి కూర్చునే ట్యూమర్ బోర్డుల్లో ఈ ప్రశ్న మళ్లీమళ్లీ లేస్తుంది.

వాళ్ల ముందున్న కేసు కాగితం మీద చిన్నదే. 64 ఏళ్ల మగమనిషి. మెడకు ఒకవైపు బిళ్లలు. ముక్క తీసి పరీక్షిస్తే మాంటిల్ సెల్ లింఫోమా అని తేలింది. ఆకలి ఉంది, కడుపునొప్పి లేదు, మలంలో రక్తం లేదు. స్కాన్‌లో మెడ తప్ప మరెక్కడా వెలగలేదు. జబ్బు ఆ ఒక్కచోటే ఉంటే రేడియేషన్ ప్రధానంగా చికిత్స చేసే దారి ఉంది. ఒంట్లో మరోచోట కూడా ఉంటే ఆ దారి మూసుకుపోయినట్టే.

లింఫోమా అనగానే మెడ, చంక, గజ్జ గుర్తుకొస్తాయి. పెద్దాయన అభ్యంతరం అక్కడే మొదలవుతుంది. లింఫోసైట్లనే తెల్లకణాలు అదుపు తప్పి పెరిగితే వచ్చే క్యాన్సర్ ఇది. ఆ కణాలు గ్రంథుల్లోనే ఉండవు. మనం తినే ప్రతి ముద్దతోనూ లోపలికి వచ్చే సూక్ష్మజీవులను ఎదుర్కోవడానికి పేగు గోడ పొడవునా కాపలా ఉంటాయి. చిన్నపేగు చివరి భాగంలోనైతే పేయర్ ప్యాచెస్ అనే గుంపులుగా చేరి ఉంటాయి.

"గ్రంథుల బయట కనిపించే లింఫోమాల్లో మూడో వంతు దాకా జీర్ణకోశంలోనివేనమ్మా. మరే అవయవానికీ అంత వాటా లేదు. అలాంటి చోటు చూడకుండా జబ్బు ఎంత పాకిందో తేల్చేశాం అనడం ఏం న్యాయం?"

"అన్ని లింఫోమాలూ ఒకటి కాదు కదా సార్. హాడ్జ్‌కిన్ రకం పేగు జోలికి దాదాపు పోదు. మీ వాటా లెక్క చూపించి వాళ్లందరికీ గొట్టం వేయిస్తారా?"

"వాళ్ల సంగతి నేనెత్తలేదు. మాంటిల్ సెల్ సంగతి మాట్లాడు."

మాంటిల్ సెల్ దగ్గర పెద్దాయన చేతిలో బలమైన ఆధారమే ఉంది. ఈ జబ్బు పేగులో పొక్కులు పొక్కులుగా, వందల పాలిప్స్‌లా కనిపించే రూపాన్ని కార్న్స్ 1961లోనే వర్ణించాడు. అది కంటికి కనిపించే రూపం. కంటికి కనిపించని దాని సంగతి 2003లో అమెరికాలోని హ్యూస్టన్ నుంచి వచ్చింది. ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో రొమగెరా బృందం, చికిత్స ఇంకా మొదలవని మాంటిల్ సెల్ రోగులకు పైనుంచీ కిందనుంచీ ఎండోస్కోపీ చేసి, గోడ మామూలుగా కనిపించినా సరే ముక్కలు తీసి చూసింది. పెద్దపేగు వైపు నూటికి 88 మందిలో, జీర్ణాశయం వైపు 43 మందిలో లింఫోమా కణాలు బయటపడ్డాయి. జీర్ణకోశ లక్షణాలతో వచ్చినవాళ్లు మాత్రం నూటికి 26 మందే. కొలనోస్కోపీలో గోడ చక్కగా ఉందని రాసిన రోగుల్లోనే నూటికి 84 మందికి సూక్ష్మదర్శిని కింద జబ్బు దొరికింది.

"చెద పట్టిన గుమ్మానికి పైన రంగు నున్నగానే ఉంటుంది" అన్నాడు పెద్దాయన. "వేలుపెట్టి నొక్కితేగానీ తెలియదు. నా కెమెరా కూడా రంగు వరకే చూస్తుంది. ముక్క తీస్తేనే లోపలి సంగతి."

డాక్టరమ్మ ఆ పేపరు చదవని మనిషి కాదు.

"అదే పేపరు చివర ఇంకో లెక్క కూడా ఉంది సార్. ఇంతా వెతికితే చికిత్స మారింది ముగ్గురికే, నూటికి నలుగురి లెక్కన. ఈ రకం రోగుల్లో చాలామందికి అప్పటికే మూలుగలోనో, దూరపు గ్రంథుల్లోనో జబ్బు ఉంటుంది. జబ్బు పాకిందని ముందే తెలుసు, ఒళ్లంతా పాకే కీమో ఎలాగూ ఇవ్వాల్సిందే. పేగులో కూడా ఉందని తెలిసినంత మాత్రాన ఏం మారింది? రెండు రోజులు పథ్యం, రెండు మూడు లీటర్ల విరేచనం మందు, ప్లేట్‌లెట్లు తక్కువుంటే ముక్క తీసిన చోట రక్తస్రావం భయం. వీటికి తోడు చికిత్స మొదలవడం వారం వెనక్కి."

ఒకే పరిశోధనలోంచి ఇద్దరికీ ఆయుధాలు దొరకడం చదివేవాళ్లకు వింతగా అనిపించవచ్చు. నిజానికి అందులో వైరుధ్యం లేదు. జబ్బు అక్కడ ఉందా అన్నది ఒక ప్రశ్న, ఉందని తెలిస్తే చేసే పని మారుతుందా అన్నది మరో ప్రశ్న. పెద్దాయన మొదటిదానికి జవాబు చెబుతున్నాడు, డాక్టరమ్మ రెండోదాన్ని అడుగుతోంది. అమెరికాలో క్యాన్సర్ వైద్యులు పాటించే ఎన్‌సీసీఎన్ మార్గదర్శకాలు ఈ రెంటినీ కలిపి తేల్చాయి: మాంటిల్ సెల్ రోగి మొదటి రెండు స్టేజిల్లోనే ఉన్నాడని ఖాయం చేసుకోవాలంటే ఎండోస్కోపీ, కొలనోస్కోపీ తప్పనిసరి. జబ్బు ఎలాగూ పాకిందని తెలిసినవాళ్లకు అంత అవసరం లేదు.

అంటే ఈ 64 ఏళ్ల మనిషి విషయంలో పెద్దాయనే గెలిచాడు. డాక్టరమ్మ ఒప్పుకుంది, కానీ ఒక షరతుతో.

"ఈ ఒక్క కేసుకు సరే సార్. దీన్నే పట్టుకుని అందరికీ గొట్టం అనకండి. పెట్ స్కాన్ వచ్చాక మూలుగ పరీక్షే చాలామందికి తీసేశాం. లింఫోమా స్టేజి తేల్చే పద్ధతి మీద 2014లో కుదిరిన లుగానో ఒప్పందం ప్రకారం హాడ్జ్‌కిన్‌లో అయితే మూలుగ సూది అక్కర్లేదు. పెద్ద బి-సెల్ రకంలో కూడా స్కాన్‌లో మూలుగ వెలిగితే సూదితో పనిలేదు. మూలుగకు చెల్లిన న్యాయం పేగుకు ఎందుకు చెల్లదు?"

"మూలుగ కదలదు, పేగు కదులుతుంది కాబట్టి!"

ఈ జవాబులో హాస్యం ఉన్నా విషయం గట్టిదే. పెట్ స్కాన్‌కు ముందు రోగికి ఎక్కించేది రేడియోధార్మికత జోడించిన చక్కెరలాంటి పదార్థం. ఆకలిగొన్న క్యాన్సర్ కణాలు దాన్ని ఎక్కువగా పీల్చుకుని తెరమీద వెలుగుతాయి. జబ్బు లేని పేగు కూడా తన పని తాను చేసుకుంటూ ఎంతో కొంత వెలుగుతుంది. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లలో పేగంతా ధగధగలాడుతుంది, ఆ వెలుగులో చిన్న మచ్చ ఉన్నా కలిసిపోతుంది. అందుకే చాలా కేంద్రాల్లో స్కాన్‌కు రెండు రోజుల ముందు ఆ మాత్ర ఆపమంటారు. మధుమేహం ఇంత ఎక్కువగా ఉన్న మన దగ్గర ఈ ఒక్క ప్రశ్న అడగడం మరిచిపోతే స్కాన్ ఖర్చంతా బూడిదలో పోసినట్టే. ఇక మెల్లగా పెరిగే మాల్ట్ రకం లింఫోమాలైతే చక్కెర మీద అంత మోజు పడవు. జబ్బు ఉన్నా స్కాన్ చీకటిగా రావచ్చు.

డాక్టరమ్మ పట్టు సడలించలేదు. "వెలిగిన చోట మీరు ముక్క తీయండి, కాదనను. ఒకేచోట గుమిగూడి వెలిగితే తప్పకుండా తీయాలి. అక్కడ లింఫోమా కాక పెద్దపేగు క్యాన్సరే విడిగా దాక్కుని ఉండొచ్చు కూడా. వెలగనిచోట గుడ్డిగా తీయడం మీదే నా పేచీ."

ఇంతలో పెద్దాయన తగువును తనకు బాగా తెలిసిన నేల మీదికి లాగాడు. చిల్లు పడటం గురించి ఎత్తాడు.

లింఫోమా పేగు గోడను పైపైన అంటుకుని ఊరుకోదు. లోపొర నుంచి బయటి పొర దాకా నిండిపోయి, కండరం ఉండాల్సిన చోటును తానే ఆక్రమిస్తుంది. అక్కడి నరాల వల, కండరం దెబ్బతిని పేగు బిగుసుకోవడానికి బదులు సాగి వెడల్పవుతుంది. అందుకే మామూలు పేగు క్యాన్సర్‌లో తొందరగా వచ్చే అడ్డంకి ఇందులో చాలాకాలం రాకపోవచ్చు. అలాంటి గోడకు కీమో తగిలి గడ్డ ఒక్కసారి కరిగితే ఆ జాగా నింపడానికి ఆరోగ్యమైన కణజాలం మిగిలి ఉండదు. మేయో క్లినిక్ వైద్యులు 2013లో వెల్లడించిన లెక్క చూడండి: జీర్ణకోశంలో లింఫోమా ఉన్న 1062 మందిలో 92 మందికి చిల్లు పడింది. వాళ్లలో 51 మందికి కీమో మొదలయ్యాకే పడింది. ఈ 51 మందిలో సగానికి కొంచెం తక్కువమందికి మొదటి నాలుగు వారాల్లోనే. చిల్లులు ఎక్కువ పడింది చిన్నపేగులో, ఎక్కువగా పెద్ద బి-సెల్ రకంలో.

"నువ్వు కీమో ఎక్కించిన పదో రోజు రాత్రి పొట్ట బిగిసి రోగి వస్తాడు. తెల్లకణాలు అప్పటికి అట్టడుగున ఉంటాయి. స్టెరాయిడ్లు పడుతున్నాయి కాబట్టి నొప్పి, జ్వరం కూడా సరిగ్గా బయటపడవు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు గ్యాస్ అనుకుంటాడు. పేగులో జబ్బు ఉందని కేసు షీటులో ముందే ఉంటే ఆ రాత్రే సర్జన్‌ను లేపుతాడు. ఆ ఒక్క లైను రాయడానికైనా నేను చూడాలా వద్దా?"

డాక్టరమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "చిల్లు పడుతుందన్న భయంతో ముందే ఆ పేగు ముక్క కోసేయమంటారా?"

"అననే అనను. కోస్తే కుట్టు మానాలి, అది మానేదాకా నీ కీమో ఆగాలి. రక్తస్రావమో, అడ్డంకో, చిల్లో ఉంటేనే కత్తి. లేకపోతే చికిత్స నీదే. మరీ పెద్ద గడ్డ అయితే మొదటి విడత ఆస్పత్రిలో ఉంచి ఇవ్వు, స్టెరాయిడ్‌తో నెమ్మదిగా మొదలుపెట్టు. ఎక్కడుందో తెలిసుంటే అంత జాగ్రత్తైనా పడతావు."

ఈ విడతలో పెద్దాయనదే పైచేయి. అయితే చిల్లు ప్రమాదం ఉన్నంత పెద్ద జబ్బు సాధారణంగా స్కాన్‌లోనే బయటపడుతుందని, దానికి కంటికి కనిపించని కణాల కోసం గొట్టం వెయ్యనక్కర్లేదని డాక్టరమ్మ గుర్తుచేసింది. అదీ నిజమే. మాంటిల్ సెల్‌లో బయటపడే సూక్ష్మ కణాలు వేరు, గోడంతా తినేసిన పెద్ద బి-సెల్ గడ్డ వేరు. ఈ రెంటినీ కలిపి మాట్లాడితే వాదన ఎటూ తేలదు.

చిన్నపేగు, పెద్దపేగు కలిసే మలుపు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి స్థానాలూ తారుమారయ్యాయి. అక్కడ ఎక్కువ ముక్కలు కావాలన్నది డాక్టరమ్మ, తలదించుకోవాల్సి వచ్చింది పెద్దాయన.

ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. పేగుకు వచ్చే క్షయకు ఇష్టమైన చోటు ఆ మలుపే. లింఫోమాకూ అదే, క్రోన్స్ జబ్బుకూ అదే. మూడింటిలోనూ జ్వరం, బరువు తగ్గడం, కుడి పొత్తికడుపులో నొప్పి, స్కాన్‌లో మందమైన గోడ, చుట్టూ ఉబ్బిన గ్రంథులు. పిల్లల్లోనైతే అక్కడ బర్కిట్ లింఫోమా పెరిగి, ఒక పేగు ఇంకో పేగులోకి దూరి, ప్రాణం మీదికి తెచ్చాకే కనిపిస్తుంది.

"మీ విభాగం నుంచి నా దగ్గరికి వచ్చే రోగుల్లో ఎంతమంది చేతిలో క్షయ మందుల చీటీ ఉంటోందో చూశారా సార్? ముక్క తీస్తే 'నిర్దిష్టం కాని వాపు' అని రిపోర్టు వస్తుంది. క్షయ అయి ఉంటుందిలే అని మందు మొదలుపెడతారు. ఇంకా ఘోరం, క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్ మొదలుపెట్టడం. స్టెరాయిడ్‌కు లింఫోమా కొన్నాళ్లు కరుగుతుంది, రోగి తేరుకున్నట్టు కనిపిస్తాడు, ఆ తర్వాత ముక్క తీసినా చచ్చిన కణాలే దొరుకుతాయి. నెలలు పోతాయి."

పెద్దాయన కాదనలేదు. ఫోర్సెప్స్ పట్టేది పైపొరనే. లింఫోమా తరచుగా దాని కిందే ఉంటుంది. రెండు ముక్కలు తీసి చేతులు దులుపుకుంటే తప్పిపోవడం ఖాయం. ఒకే చోట మళ్లీమళ్లీ కొరికి లోతుకు పోవాలి, పుండు అంచునా మధ్యనా తీయాలి, ముక్కలు తగినన్ని ఉండాలి. కొన్ని ఫార్మలిన్‌లో వెయ్యాలి, క్షయ పరీక్షకు కొన్ని విడిగా పంపాలి. ల్యాబుకు వెళ్లే కాగితం మీద "లింఫోమా అనుమానం" అన్న మాట రాయాలి. అది లేకపోతే పాథాలజిస్టు సిడి20, సిడి3, సైక్లిన్ డి1 లాంటి రంగు పరీక్షలు వెయ్యాలని అనుకోకపోవచ్చు. క్షయ మందు మొదలుపెట్టినా రెండు నెలలకు మళ్లీ గొట్టం వేసి చూడాలి. క్షయే అయితే పుండ్లు మానుతూ కనిపిస్తాయి. మానకపోతే మందు మార్చుకుంటూ పోవడం కాదు, మళ్లీ ముక్క తీయాలి.

ఈ వ్యాసకర్త దృష్టిలో తెలుగు నేల మీద ఈ వాదం మొత్తంలో అన్నిటికంటే బరువైన అంశం ఇదే. స్కాన్ ఉన్నా గొట్టం వెయ్యాలా అన్న సందేహం పెట్ స్కాన్ అందుబాటులో ఉన్నవాళ్లకు వచ్చేది. క్షయ మందుల కింద నెలలు కరిగిపోయేది అది అందనివాళ్లకు.

జీర్ణాశయం దగ్గర ఇద్దరికీ పేచీ లేదు. ఆ కథ వైద్య చరిత్రలోనే అరుదైనది. మామూలు జీర్ణాశయం గోడలో లింఫ్ కణజాలం దాదాపు ఉండదు. అక్కడ లింఫోమా ఎలా పుడుతుందన్న చిక్కుకు 1983లో పీటర్ ఐజాక్సన్, డెనిస్ రైట్ దారి చూపారు. శ్లేష్మపు పొరకు అంటుకున్న లింఫ్ కణజాలం నుంచి పుట్టే ప్రత్యేక రకమని చెప్పారు, దాన్నే మాల్ట్ అన్నారు. ఆ కణజాలాన్ని అక్కడికి రప్పించేది హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. 1991లో వోదర్‌స్పూన్ బృందం ఇలాంటి 110 మంది రోగుల నమూనాలు చూస్తే 101 మందిలో ఆ బాక్టీరియా కనిపించింది. రెండేళ్లకు అదే బృందం ఆరుగురికి యాంటీబయాటిక్స్ ఇచ్చి బాక్టీరియాను తుడిచేస్తే ఐదుగురిలో లింఫోమా వెనక్కి పోయింది. కీమో లేదు, కత్తి లేదు. ఆ బాక్టీరియాను కనిపెట్టిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది.

"ఇక్కడ మాత్రం మీ గొట్టానికి నమస్కారం సార్" అంది డాక్టరమ్మ. "చూడటం, ముక్క తీయడం, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో గోడలో ఎంత లోతుకు పోయిందో కొలవడం, మందు తర్వాత మళ్లీ మళ్లీ చూడటం, అంతా మీదే."

"11, 18 క్రోమోజోముల మధ్య మార్పిడి జరిగిన రకమైతే యాంటీబయాటిక్‌కు సాధారణంగా లొంగదు. అప్పుడు నీ దగ్గరికే పంపుతాను" అన్నాడు ఆయన.

చిన్నపేగు మొదట్లో ఇంకో రకం ఎదురవుతుంది. వేరే దేనికోసమో ఎండోస్కోపీ చేస్తుంటే డుయోడినంలో తెల్లటి నూకల్లాంటి పొక్కులు కనిపిస్తాయి. ముక్క తీస్తే ఫాలిక్యులర్ లింఫోమా. డబ్ల్యూహెచ్‌ఓ 2016 వర్గీకరణలో దీనికి విడిగా స్థానం ఇచ్చారు. ఎందుకంటే ఇది చాలామందిలో ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉంటుంది. మందు లేకుండా గమనిస్తూ ఉండటమే తరచుగా సరైన చికిత్స. డాక్టరమ్మ ఇక్కడ ఒక చురక వేసింది: వెతికితే దొరుకుతుంది, దొరికితే మనిషికి నిద్ర పట్టదు, కొందరు వైద్యులకు చేతులు ఊరుకోవు.

గొట్టం అందని మధ్య చిన్నపేగు ఒకప్పుడు ఎవరికీ చిక్కని చోటు. 1961లో డాసన్ బృందం జీర్ణకోశంలోనే పుట్టిన లింఫోమాను గుర్తించడానికి ఇచ్చిన కొలతల్లో పొట్ట కోసి చూడటం ఒకటి. 2001లో వచ్చిన రెండు పరికరాలు ఆ అవసరాన్ని తగ్గించాయి. మింగే కెమెరా క్యాప్సూల్ ఒకటి, జపాన్‌లో యమమోతో రూపొందించిన బెలూన్ ఎంటరోస్కోపీ ఇంకొకటి. క్యాప్సూల్ ముక్క తీయలేదు, పైగా పేగు ఇరుకైన చోట ఇరుక్కుంటే దాన్ని తీయడానికే ఆపరేషన్ కావచ్చు. అందుకే ముందు సీటీ చూడకుండా మింగించకూడదు.

చివరికి ఆ 64 ఏళ్ల రోగి కాగితం మీద పెద్దాయనే రాశాడు: పైనుంచీ కిందనుంచీ ఎండోస్కోపీ, గోడ మామూలుగా ఉన్నా అన్ని చోట్లా ముక్కలు, సైక్లిన్ డి1 పరీక్షతో సహా. దాని కింద డాక్టరమ్మ ఒక లైను చేర్చింది: కణాలు దొరికితే రేడియేషన్ ఒక్కటే చేసే ఆలోచన రద్దు, నాలుగో స్టేజిగా పరిగణించాలి. అదే మీటింగులో తర్వాత వచ్చిన, మూలుగలో కూడా జబ్బు పాకి, కడుపులో ఏ బాధా లేని మరో మాంటిల్ సెల్ రోగికి గొట్టం వెయ్యొద్దని ఇద్దరూ ఒకే మాట అన్నారు. ఎవరికి ఏ పరీక్ష అన్నది జబ్బు పేరును బట్టి కాదు, ఆ జవాబుతో చికిత్సలో ఏం మారుతుందన్న దాన్ని బట్టే తేలాలన్న డాక్టరమ్మ పక్షానికే ఈ వ్యాసం మొగ్గు. ఆ మారే సందర్భాలు ఆమె మొదట అనుకున్నవాటికంటే ఎక్కువే అన్నది పెద్దాయన నేర్పిన సంగతి.

ఇంట్లో ఎవరికైనా లింఫోమా అని తేలితే డాక్టరు అడిగేదాకా ఆగకుండా కొన్ని సంగతులు మీరే చెప్పండి: మలం తారులా నల్లగా వస్తోందా (ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా నల్లగానే వస్తుంది, ఆ సంగతీ చెప్పాలి), తిన్న కాసేపటికే పొట్ట నిండినట్టు అనిపిస్తోందా, మెట్‌ఫార్మిన్‌ గానీ రక్తం పలచబడే మందులు గానీ వాడుతున్నారా, అంతకుముందు ఎక్కడైనా క్షయ మందులు, స్టెరాయిడ్లు ఇచ్చారా. ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి మారేటప్పుడు రిపోర్టు కాగితాలతో సరిపెట్టుకోకుండా బయాప్సీ స్లైడ్లనూ మైనపు దిమ్మలనూ కూడా అడిగి తీసుకెళ్లండి. మిగిలిన రంగు పరీక్షలన్నీ వాటి మీదే చేస్తారు.